పంతొమ్మిదో పొట్లం

ఫోన్ మోగేసరికి శిరీష దోసె తిరగేస్తోంది. తెర మీద పద్మావతిగారి పేరు చూసి స్టవ్ కట్టేసి, తడిచెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, గొంతు సవరించుకుని మరీ ఎత్తింది. ఫ్యాక్టరీలో తన భర్త ఫణీంద్రకి పై అధికారి అయిన సూర్యనారాయణగారి భార్య ఆవిడ. స్టాఫ్ కాలనీలో ఏ వ్రతం జరిగినా, ఏ పేరంటం జరిగినా ఆవిడ ఊ అన్నాకే.

"అమ్మాయ్, మొన్న మా ఇంటికి ఒక డబ్బా తెచ్చావు చూడు, నల్ల నువ్వులది. మీ ఇంటి ఓనరావిడ చేసిందన్నావు."

"అవునండీ, శరణమ్మగారు."

"ఇంట్లోనే దంచుతుందా? బజారు సరుకు కాదుగా?"

"న్యాల్‌కల్ దగ్గర వాళ్ళ పొలంలో పండినవేనండీ. రోట్లో దంచుతారు. నేను కళ్ళారా చూశాను."

"అయితే శనివారం పొద్దుటికి పంతొమ్మిది పొట్లాలు కావాలి. పొట్లానికి పావుకిలో. శుభ్రంగా, ఎవరూ ఎంగిలి చెయ్యకుండా చెయ్యమను. ఎంతవుతుందో ఆవిడ చెప్పినంతే ఇచ్చేద్దాం."

"పంతొమ్మిదేనా అండీ? లెక్కకి బావుంటుంది, ఇరవై చేయించనా?"

"పంతొమ్మిదంటే పంతొమ్మిదే" అని ఆవిడ పెట్టేసింది.

ఎందుకో ఆవిడ చెప్పలేదు. శిరీష అడగలేదు. ఆదివారం ఫ్యాక్టరీలో ఫ్యామిలీ డే ఉంది. ఇంకెందుకుంటాయి? కమిటీలో ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళు పంతొమ్మిదేమో. సగం కాలిన దోసెని పెనం మీదే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది. పెళ్ళయి మూడు నెలలు. ఈ మెట్లు పద్నాలుగని, ఏడో మెట్టు కొంచెం కదులుతుందని, పొద్దున తొమ్మిదింటికి ఎండ సరిగ్గా ఐదో మెట్టు దాకా వస్తుందని ఆమెకి తెలుసు. అలాంటివి తెలిసినప్పుడల్లా ఫణీంద్రకి మెసేజ్ పెడుతుంది.

కింద వాకిట్లో శరణమ్మ పచ్చి కందికాయలు ఒలుస్తోంది. కోడలు రేఖ గోడకి ఆనుకుని కూర్చుని వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. అల్లం కడిగే షెడ్డులో పని ఆ అమ్మాయిది. రోజంతా నీళ్ళలో, అల్లం ఘాటులో నాని వేళ్ళ సందులు పగిలిపోయి, రెండు రోజులుగా పనికి వెళ్ళడం లేదు.

"పెద్దమ్మా, మీ నువ్వుల ముద్దలు కాలనీకి కావాలట. పద్మావతిగారు స్వయంగా ఫోన్ చేశారు. ఆదివారం ఫ్యామిలీ డే కదా, దానికి."

శరణమ్మ చేతిలోని కాయ సగం విప్పి ఆగిపోయింది. "గా పెద్ద మేడమా? నా ముద్ద తిన్నదా?"

"తినకుండానే పంతొమ్మిది పొట్లాలు అడుగుతారా?"

"పంతొమ్మిది." శరణమ్మ ఆ మాటని నోట్లో వేసుకుని చూసినట్టు మెల్లిగా అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "విన్నవానే? మీ మామ అంటడు, ఈ నల్ల ముద్దలు నువ్వూ నేనూ తప్ప ఎవ్వలు తినరని. ఫ్యాక్టరీ సార్లు తింటరంట."

రేఖ నూనె రాయడం ఆపింది. "అక్కా, వాళ్ళకు నచ్చితే మళ్ల మళ్ల అడుగుతరా? నెలకొకపారి?"

"ఎందుకడగరు? కాలనీలో నూట యాభై ఇళ్ళున్నాయి. ఒకళ్ళు తింటే పదిమందికి చెబుతారు."

"గట్లయితే అల్లం పని ఇడిచిపెడ్త" అంది రేఖ, అరచేతుల్ని ఎండలో బోర్లించి తిప్పుకుంటూ. "రోకలి పోటు ఎంతసేపైనా ఏస్త. చేతులు కాయలు గాస్తయి, అంతే గదా. గా నీళ్ళల్ల పెట్టుడైతే నాతోని కాదు."

"ఇగ నువ్వు పోవు" అంది శరణమ్మ, తీర్పు చెప్పినట్టు. ఆ తీర్పు తనవల్లే వచ్చిందని శిరీషకి లోపల ఒకటే గంతులుగా ఉంది. పైకెళ్ళి, మాడిన దోసెని అలాగే పంచదారతో తినేసింది. అది కూడా బావుంది.

*

గురువారం పొద్దున శరణమ్మ అటక మీద నుంచి రేకు డబ్బా దింపించింది. మూత మీద పసుపు బొట్టు ఇంకా ఉంది. లోపల నువ్వులు నల్లగా, నున్నగా, చెయ్యి పెడితే చల్లగా ఉన్నాయి.

"ఇవ్వి ఎల్లమాసకు ఉంచినయి" అన్నాడు శరణమ్మ భర్త వీరన్న, పొలానికి బయల్దేరుతూ భుజం మీద తువ్వాల సర్దుకుని. ఎల్లమాస ఇంకా పదిరోజులుంది. ఆ అమావాస్యనాడు ఇంటిల్లిపాదీ పొలానికి పోయి, జొన్నరొట్టెలు, అన్ని కాయలూ కలిపి వండిన కూర, అంబలి, నువ్వుల ముద్దలు పెట్టుకుని, గట్టు మీద నడిచిపోయే ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టి తినిపిస్తారట. శిరీషనీ ఫణీంద్రనీ రమ్మని ముందే చెప్పి ఉంచారు. "ఇవ్వి గూడ ఇచ్చేస్తే ఆడ పొలంల ఏం పెడ్తవ్? మన్నా?"

"బజార్ల దొరుకుతయి, ఆనాటికి కొందం."

"బజారు నువ్వులు నీకు పనికి రావు గదా. ఎప్పుడన్న తెస్తే మొఖం మీద కొట్టినట్టు అంటవ్."

"పండుగనాడు తినేటోళ్ళు మనోళ్ళే. వంక పెట్టరు. ఆడ పెద్దపెద్దోళ్ళు తింటరు. మంచియి పోవాలె." వీరన్న నవ్వి గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

శరణమ్మ చేటలో పోసి చెరిగింది. పొల్లు ఎగిరిపోయాక, వెడల్పు బేసిన్‌లో నీళ్ళు పోసి గాలించడం మొదలుపెట్టింది. నువ్వులు నీళ్ళలో సుడి తిరిగి తేలుతున్నప్పుడే అరచేత్తో తేలిగ్గా పక్క గిన్నెలోకి తోసేస్తుంది. అడుగున ఇసుక మిగులుతుంది. శిరీష ప్రయత్నిస్తే ఇసుకా నువ్వులూ కలిసే వెళ్ళాయి.

"చెయ్యి నీళ్ళను కొట్టొద్దు బిడ్డా, తోడుకపోవాలె. జర మెల్లగ. పిల్లను ఊపినట్టు."

నాలుగోసారికి వచ్చింది. శిరీష ఫోన్ రేఖ చేతికిచ్చి వీడియో తీయించుకుంది. పాత తెల్లపంచె పరిచి, మేడ మీద ఎండలో నువ్వులు ఆరబోశారు. పిట్టలు వాలకుండా శిరీష గొడుగు పట్టుకుని కూర్చుంటే, పాలకొల్లు నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఎండలో ఏం చేస్తున్నావే?"

"నల్ల నువ్వులకి కాపలా."

"నల్ల నువ్వులేంటే, పెళ్ళయిన కొత్తలో? తద్దినానికీ శనికీ తప్ప మనిళ్ళల్లో ఆ సీసా మూత తీస్తామా? ఎవరన్నా ఇస్తే చేత్తో పుచ్చుకోకు. కింద పెట్టమని, అప్పుడు తీసుకో."

"ఇక్కడ ఇది పండగ వంటమ్మా. పెద్దమ్మ రోజూ నా అరచేతిలోనే పెడుతోంది. నెల నుంచీ తింటున్నాను, ఏమయిందీ? బుగ్గలొచ్చాయి."

"నీకన్నీ నవ్వులాటే" అంది అమ్మ. శిరీష నిజంగానే నవ్వింది. గొడుగు నీడ అంచున నువ్వులు నల్లగా, నూనె రాసిన తలలా మెరుస్తున్నాయి. ఒక గింజ పంటికింద వేసుకుంది. వెంటనే 'ఎంగిలి చెయ్యకుండా' అన్న మాట గుర్తొచ్చి, దొంగతనం చేసినట్టు చుట్టూ చూసింది.

*

శుక్రవారం వేయించడం. పెరట్లో కట్టెల పొయ్యి మీద అడుగు మందంగా ఉన్న మట్టిమూకుడు పెట్టి, శరణమ్మ ఒక్కోసారి రెండు గుప్పిళ్ళకి మించి వెయ్యలేదు. గుడ్డ చుట్టిన కర్రతో కలుపుతూ, తల ఒక పక్కకి వంచి వింటోంది.

"తెల్ల నువ్వులైతే ఎర్రగైనయని కంటికి కానొస్తది" అంది. "ఇవి మాడినా నలుపే, మాడకున్నా నలుపే. ఇనాలె. ఇగో, ఇప్పుడు చిటచిట అంటున్నయి గదా. గది సన్నగయి ఆగేటందుకు చూస్తది. ఆగకముందే దించాలె."

శిరీష విన్నది. మొదట విడివిడిగా, తర్వాత ఒకదాని మీద ఒకటి పడుతూ, గాజులు సర్దుతున్నట్టు చప్పుడు. వాసన మెల్లిగా పెరడంతా కమ్మింది. ఆ వాసనలోనే ఆమె ఫ్యామిలీ డే గురించి చెబుతూ పోయింది. షామియానా ఎక్కడ వేస్తారో, ఎవరెవరొస్తారో, కొత్త ట్రాక్టరుకి పూలదండ వేసి పిల్లల్ని ఎలా ఎక్కిస్తారో. చెబుతుండగానే శరణమ్మ గబుక్కున మూకుడు దించింది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. రేఖ ముక్కుకి అందించింది.

"పోయినయి" అంది రేఖ.

"కొంచెమే కదా పెద్దమ్మా, కలిపెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తది" అంది శరణమ్మ. కోపంగా కాదు. ఆ రెండు గుప్పిళ్ళూ బర్రె కుడితిలో వేసేసింది. "నీ మాటలు తియ్యగున్నయి బిడ్డా, గానీ చెవి రెండు పన్లు చెయ్యది. జర గమ్మునుండు."

శిరీష పెదాల మీద వేలేసుకుని కూర్చుంది. రేఖ నవ్వింది.

మధ్యాహ్నం దంచడం. రోలు కడిగి, ఎండబెట్టి, తడి లేకుండా గుడ్డతో తుడిచారు. నువ్వులు చల్లారాకే పోశారు. వేడి మీద దంచితే చేదెక్కుతాయట. మిక్సీ వద్దనేది కూడా అందుకే. రేఖ చేతులకి పాత గుడ్డ చుట్టుకుని రోకలెత్తింది. పోటు పడ్డప్పుడల్లా రోకలి చివరి ఇనప పొన్ను రాతికి తగలకుండా, నువ్వుల మీదే ఆగుతోంది. పోటుకీ పోటుకీ మధ్య శరణమ్మ చెయ్యి రోట్లోకి వెళ్ళి అంచులకి ఎగబాకిన పొడిని లోపలికి తోసి వచ్చేస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. శిరీషే భయపడి కళ్ళు మూసుకుంది.

పొడి తడయింది. తడి ముద్దయింది. నూనె పైకి రావడం మొదలయ్యాక గానీ శరణమ్మ బెల్లం వెయ్యనివ్వలేదు. ముదురు రంగు బెల్లం, కత్తిపీట మీద సన్నగా తరిగింది. రెండు చిటికెల శొంఠి పొడి, అదీ ఇంటి అల్లం ఎండబెట్టి చేసింది. మళ్ళీ పోట్లు. చివరికి రోట్లోంచి తీసిన ముద్ద నల్లరేగడిలా, నూనెతో నిగనిగలాడుతూ అరచేతికి అంటుకుని వచ్చింది.

పంతొమ్మిది మోదుగాకు పొట్లాలు కట్టి, అరటినారతో ముడివేసి, పిడికెడు మిగిలితే శరణమ్మ దాన్ని శిరీష అరచేతిలో పెట్టింది. "సారుకు ఇయ్యి."

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన ఫణీంద్ర బూట్లు విప్పకుండానే దాన్ని తిని వేళ్ళు నాకాడు. "దీన్ని ఫ్యామిలీ డేకి పెడుతున్నారా? అబ్బే, స్వీట్ బాక్సులు హైదరాబాద్ నుంచొస్తున్నాయి సిరీ. ఆర్డరు కాయితం నిన్ననే చూశాను, మొత్తం కాజూ బర్ఫీ."

"ఇది విడిగా అయ్యుంటుంది. పెద్దవాళ్ళకి."

"అయ్యుండొచ్చు. సూర్యనారాయణగారు ఈమధ్య మనిషిలా లేరులే. ప్రమోషన్ ఆగిపోయింది, ఆ పైన స్కూటర్ మీంచి పడ్డారు. రాజమండ్రి నుంచి ఎవరో సిద్ధాంతిగారు వచ్చి జాతకం చూశారట."

శిరీష ఫోన్ తీసి పద్మావతిగారి పేరు దాకా వెళ్ళింది. ఇవి దేనికండీ అని అడిగితే చాలు. కింద పెరట్లో రేఖ రోలు కడుగుతూ ఏదో కన్నడ పాట పాడుతోంది. అడిగాక వేరే సమాధానం వస్తే ఆ పాట దగ్గరికి తాను ఏ ముఖంతో వెళ్ళాలి. రేపు ఎలాగూ తెలుస్తుంది. ఫోన్ బోర్లా పెట్టేసింది.

*

శనివారం ఏడింటికి పద్మావతిగారి మెసేజ్ వచ్చింది. పొట్లాలు కాలనీకి కాదు, గుడికి తేవాలి. ఎనిమిదింటికల్లా.

"ముందు దేవుడికి పెట్టి పంచుతారేమో" అంది శిరీష, శరణమ్మకీ తనకీ కలిపి.

శరణమ్మ ఎర్రంచు ఇల్కల్ చీర కట్టుకుంది. మెడలోని లింగం కాయ మీదుగా కొంగు సర్దుకుని, బుట్టని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. రేఖ గేటు దాకా వచ్చింది. "ఎవ్వరేమన్నరో మంచిగ ఇని రా అత్తమ్మా. మీదికెల్లి చెప్తే నేనొప్ప."

హైవే దాటి కొత్త గుడి. శరణమ్మవాళ్ళు ఇటు రారు. వాళ్ళ దేవుడు మెడలోనే ఉంటాడు. నవగ్రహాల మంటపం చుట్టూ నువ్వులనూనె జిడ్డు, కాలిన వత్తుల వాసన. సూర్యనారాయణగారు తడిపంచెతో వణుకుతూ నిలబడి ఉన్నారు. పద్మావతిగారు శిరీషని చూసి తలూపింది. బుట్టని చేత్తో అందుకోలేదు. "అక్కడ, ఆ గట్టు మీద పెట్టించమ్మా" అంది.

గట్టుకి అవతల గోడ వెంట అడుక్కునేవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. శిరీష లెక్కపెట్టలేదు. కానీ పంతులుగారు లెక్కపెట్టారు.

"పద్దెనిమిది. పంతొమ్మిదోది నూనె గిన్నెతో కలిపి కదమ్మా."

"అది మీరే పట్టాలి పంతులుగారూ. అనుకున్నదేగా."

"నేను పోయిన శనివారమే పట్టానమ్మా ఒకరిది. మండలం రోజుల దాకా మళ్ళీ శనిదానం పట్టకూడదు. ఎవరినైనా లేనివాళ్ళని చూసుకోండి, మంత్రం నేను చెబుతాను."

శనిదానం. ఆ మాటకి శిరీష బుట్ట వైపు చూసింది. శనివారం, శని దశ ఏళ్ళ లెక్కన పంతొమ్మిది, నల్ల నువ్వులు, చేత్తో అందుకోని బుట్ట. అన్నీ ఫోన్‌లోనే చెప్పినట్టున్నాయి, తానే విననట్టుంది. అమ్మ కూడా చెప్పింది. ఇంటికి పట్టిన పీడని నల్ల నువ్వులతో కలిపి ఇంకొకరి చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడం ఆమె పుట్టింటి ఊళ్ళోనూ చూసిందే.

పద్దెనిమిది పొట్లాలు అయిపోయాయి. ఒక్కోటీ పది రూపాయల నోటుతో సహా పైనుంచి జారవిడిచారు. శరణమ్మ స్తంభం పక్కన నిలబడి మురిపెంగా చూస్తోంది. లేనివాళ్ళకి ముందు పెడుతున్నారని, ఆ తర్వాత అందరూ కూర్చుని తింటారని ఆమె అనుకుంటోంది. ఎల్లమాస నాడు పొలంలో అంతే.

పద్మావతిగారు శిరీష దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఈవిడకే ఇచ్చేస్తే? గుడ్డా గిన్నే కూడా ఉన్నాయి, ఊరికే కాదు. వీళ్ళల్లో ఇలాంటి పట్టింపులు ఉండవుగా?"

ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చాలా రోజులుగా నిద్రలేనట్టుంది. వెనక సూర్యనారాయణగారు, ఫణీంద్ర రోజూ నమస్కారం పెట్టే మనిషి, ఇటే చూస్తున్నారు.

"ఏమోనండీ" అంది శిరీష.

పద్మావతిగారికి అది చాలు. "రావమ్మా, ఇలా రా. కొంగు పట్టు" అని శరణమ్మని పిలిచింది.

శరణమ్మ ముఖం విప్పారింది. సిగ్గుపడుతూ శిరీష వైపు చూసింది, చూసినవా బిడ్డా అన్నట్టు. సన్మానాలు ఆమె టీవీలో చూసింది. ముందుకొచ్చి, కొంగు రెండు చేతులా పరిచి నిలబడింది. సూర్యనారాయణగారు ఇనప బాండ్లీలోని నూనెలో తన ముఖం చూసుకున్నారు. పంతులుగారు మంత్రం చదివారు. నల్లగుడ్డ, పొట్లం, బాండ్లీ, ఒకదాని వెంట ఒకటి కొంగులో పడ్డాయి. నూనె తొణికి ఇల్కల్ చీర ఎర్రంచు మీద మరకయింది. శరణమ్మ నమస్కారం పెట్టబోయింది. చేతులు నిండా ఉన్నాయి. అప్పటికే ఆయన వెనక్కి తిరిగారు.

"సారు, జర తిని చూడున్రి" అంది శరణమ్మ ఆ వీపుతో.

ఎవరూ ఆగలేదు. పద్మావతిగారు మాత్రం నడుస్తూనే, తల తిప్పకుండా, "శిరీషా, ఇవాళ మా ఇంటివైపు రాకండమ్మా. మేం ఇంటికెళ్ళి స్నానాలు చెయ్యాలి" అంది.

కారు వెళ్ళిపోయింది. గోడ వెంట కూర్చున్నవాళ్ళు లేచారు. నోట్లు నడుముల్లోకి వెళ్ళాయి. పొట్లాలు ఒక్కోటే మురిక్కాలవలో పడ్డాయి. మోదుగాకు విప్పుకుని ఒకటి నీళ్ళమీద తేలింది. నల్లముద్ద మెల్లిగా కరిగింది.

శరణమ్మ ఒక ముసలామె చెయ్యి పట్టుకుంది. "గదేంది, పారేస్తున్నవ్? మంచి నువ్వులవ్వా. నేనే చేసిన."

"నువ్వు జేస్తే నీ ఇంట్ల తినాలె" అంది ముసలామె, చెయ్యి విడిపించుకుంటూ. "ఇది వాళ్ళ శని. పైసలు తీసుకుంటం గానీ ఇది తింటమా? మాకున్నది చాలదా?" కొంగులోని బాండ్లీని చూసి కాస్త మెత్తబడింది. "అయ్యో, నీకు గూడ అంటగట్టిన్రా. పెద్దదే ఇచ్చిన్రు. ఇంట్లకు తీస్కపోకు తల్లీ."

శరణమ్మ గుడి మెట్టు మీద కూర్చుంది. బాండ్లీని పక్కన పెట్టింది. పొట్లం ముడి విప్పింది. అరటినార చక్కగా వచ్చింది. ముద్దలోంచి నిమ్మకాయంత తీసి నోట్లో పెట్టుకుని, కళ్ళు కిందికి దించి, రుచి చూసేవాళ్ళు నమిలినట్టు నమిలింది. ఇంకొంచెం తీసుకుంది. శిరీష పక్కన కూర్చోబోయి, కూర్చోలేక నిలబడింది. పొట్లం సగమయ్యాక శరణమ్మ ఆకు మడిచి, వేళ్ళు తుడుచుకుంది.

"బెల్లం సరిపోయింది" అంది.

*

చెరకు లోడు ట్రాక్టరు వెనక ఆటో ఆగినప్పుడు శరణమ్మ అడిగింది.

"నీకు ఎరుకేనా?"

"ముందు తెలీదు పెద్దమ్మా. ఒట్టు. ఫ్యామిలీ డేకే అనుకున్నాను."

"ఆడికి పోయినంక?"

ట్రాక్టరు కదల్లేదు. చెరకు గడ ఒకటి జారి ఆటో అద్దానికి తగిలింది.

"పంతులుగారు అన్నప్పుడు తెలిసింది."

"గా మేడం నీ చెవుల ఏదో అడిగింది. నా గురించేనా?"

"ఆ."

"నువ్వేమన్నవ్?"

శిరీష ఏమన్నదో చెప్పింది. శరణమ్మ తలూపింది. ఇంటి గేటు దాకా బయటికే చూస్తూ కూర్చుంది. కొంగు మీది నూనె మరకని బొటనవేలితో రుద్దుతూ ఉంది. అది ఇంకా పెద్దదవుతోంది.

రేఖ గేటు దగ్గరే ఉంది. "ఏమన్నరు అత్తమ్మా?"

"ఎవ్వలు తినలే" అంది శరణమ్మ. మొత్తం అదే చెప్పింది. లోపలికెళ్ళి చీర మార్చుకుంది.

సాయంత్రం పద్మావతిగారు పంపించారని డ్రైవరు ఒక కవరు తెచ్చి శిరీష చేతికిచ్చి వెళ్ళాడు. దాన్ని ముందు పెట్టుకుని ఆమె చాలాసేపు మంచం మీద కూర్చుంది. ఫణీంద్ర ఫోన్ చేశాడు. సూర్యనారాయణగారు ఇవాళ చాలాకాలానికి నవ్వుతూ మాట్లాడారట. రేపు ఫ్యామిలీ డేలో వాళ్ళ టేబుల్ దగ్గరే మనిద్దరికీ చోటట. "నువ్వు ఏం మంత్రం వేశావే?" అన్నాడు. "తర్వాత మాట్లాడతాను" అని పెట్టేసింది. కవరు తీసుకుని మెట్లు దిగింది. మెట్లు లెక్కపెట్టలేదు.

వాకిట్లో వీరన్న బాండ్లీని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "మంచి ఇనుమే. పారేసుడెందుకు? బర్రెకు దాణా పెట్టొచ్చు. శని గినీ మనకెక్కడివి?"

"గదే నేనంటున్న" అంది శరణమ్మ లోపల్నుంచి. కందికాయల గంప ముందేసుకుని వచ్చి కూర్చుంది. మొన్నటి చోటే.

శిరీష కవరు ఆమె ముందు, నేల మీద పెట్టింది. పెట్టాక, నేల మీద ఎందుకు పెట్టిందో తనకే తట్టి, గబుక్కున తీసి చేతికి అందించబోయింది. శరణమ్మ కాయలు ఒలుస్తూనే ఉంది. రేఖ వచ్చి తీసుకుని గూట్లో పెట్టింది.

"పెద్దమ్మా, నేను అక్కడ కాదనాల్సింది. నోరు రాలేదు. ఆయన అక్కడే ఉన్నారు, ఫణి ఉద్యోగం..." ఆగిపోయింది. "నువ్వులు నేను కొని తెస్తాను. నారాయణఖేడ్ వెళ్ళయినా, మంచివి చూసి తెస్తాను. ఎల్లమాసకి దంచుకుందాం."

శరణమ్మ తలెత్తింది. ముఖంలో కోపం లేదు. ఉంటే బావుండుననిపించింది శిరీషకి.

"శని అంటే నాకు లెక్క లేదమ్మా" అంది. "ఇనుము ఇనుమే, నువ్వు నువ్వే. గానీ వాళ్ళు చిటికెడన్న నోట్ల ఏసుకొని చూడకపాయిరి. ముందుగాల మీరిచ్చిన డబ్బ గూడ వాళ్ళు తిని ఉండరు. కాదా?"

శిరీష నెల రోజులుగా 'బిడ్డా' తప్ప వినలేదు ఆ నోట. ఇప్పుడు ఏం పిలిచిందో ఒక క్షణం ఆలస్యంగా అందింది. పక్క వీధిలో కొత్తగా అద్దెకొచ్చిన బ్యాంకు మేనేజరు భార్యతో శరణమ్మ ఇలాగే మాట్లాడుతుంది.

"మీరు పైకి పోన్రి. సారు వచ్చే టైమైంది" అంది శరణమ్మ. "నువ్వుల సంగతి మేం చూసుకుంటం. మీరెందుకు ఫికర్ చేసుడు."

శిరీష లేచింది. మెట్ల దాకా వెళ్ళి, మొదటి మెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. వెనక కందికాయలు పగులుతున్న చప్పుడు, ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా.

"రేఖా" అంది శరణమ్మ. "అల్లం షెడ్డు బండి ఎన్నింటికొస్తది?"

రేఖ గుడ్డ చుట్టిన వేళ్ళని ఒడిలో దాచుకుంది. "రేపు ఆదివారం అత్తమ్మా."

"ఆదివారం పని లేదా?"

"ఉంటది. ఆరింటికి చౌరస్తల ఆగుతది."

"ఐదింటికి నన్ను గూడ లేపు" అంది శరణమ్మ. "నేను కడుగుత. నువ్వు పొడిగున్న కాడ కూసొని ఏరుదువు గానీ."

ఒలిచిన గింజల్ని చేటలోకి ఎత్తి, పొల్లు ఊదేసింది.